తొంభై తొమ్మిదో పేజీలో ఉండవలసిన మనిషి

కుట్టు మాస్టారు చదివింది ఐదో తరగతి వరకే. అదీ పల్లెటూరి బడిలో. ఒకటే గది, ఐదు తరగతులకీ కలిపి ఒకడే పంతులు. అయితేనేం, ఆయన చేతుల మీదుగా వెళ్ళినన్ని పుస్తకాలు పట్టాలు పుచ్చుకున్నవాళ్ళ కళ్ళ ముందు నుంచి కూడా వెళ్ళి ఉండవు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే అచ్చాఫీసులో బైండింగు పని చేశాడు. అందులో ఇరవై ఆరేళ్ళు ఆ సెక్షనుకి పెద్ద. కోర్టు రికార్డులు కుట్టాడు. బడి వాచకాలు లక్షల్లో కుట్టించాడు. పద్నాలుగు వందల పేజీల నిఘంటువు ఒకటి ఆయన చేతి కుట్టుతో బయటికొచ్చి, ఒక మేడ మెట్ల మీంచి దొర్లిపడి కూడా ఒక్క కాగితం వదల్లేదు. ఎన్ని మెట్లని అడిగితే ఆలోచించకుండా చెబుతాడు: పదిహేడు.

అన్నిటికన్నా పెద్దది వరదొచ్చిన ఏడాది చేసిన పని. అచ్చాఫీసు కింది గదిలోకి నీళ్ళొచ్చి, మూడో తరగతి వాచకం అచ్చయిన కాగితాలన్నీ నానిపోయాయి. బడులు తెరవడానికి పన్నెండు రోజులుంది. మేనేజరు తల పట్టుకున్నాడు. అప్పుడు పై హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు కట్టించి, బట్టలారేసినట్టు కాగితాలు ఆరేయించి, మూడు రోజులు కూర్చోకుండా నిలబడి పుస్తకాన్ని బతికించినవాడు మాస్టారు. అందుకే ఆయన్ని సెక్షనుకి పెద్దని చేశారు, ఒక గోడ గడియారం కూడా ఇచ్చారు. ఆ గడియారం ఇప్పటికీ వాళ్ళ ముందుగదిలో ఆడుతోంది. ఈ కథ వినని మనిషి ఆ పేటలో లేడు. కొందరు రెండేసి సార్లు, పాపం ఒకరిద్దరు నాలుగేసి సార్లు విన్నారు.

రిటైరయ్యాక మాస్టారు పేట గ్రంథాలయంలో మంగళవారం, శుక్రవారం కూర్చుంటాడు. చిరిగినవి అతికిస్తాడు, ఊడినవి కుడతాడు. కొత్త పుస్తకాలను మాత్రం బీరువాలోకి నేరుగా వెళ్ళనివ్వడు. ఈ కాలపు పుస్తకాలకి కుట్టు ఉండదు, వెన్ను మీద గాట్లు పెట్టి జిగురు పూసి అట్ట అంటించేస్తారు. మాస్టారికి జిగురంటే నమ్మకం లేదు. కాబట్టి కొత్తది రాగానే అట్ట పీకి, జిగురు గీకి, మడతలన్నీ విడదీసి, మైనం రాసిన దారంతో మళ్ళీ కుడతాడు. పదహారు పేజీల మడత ఒక్కొక్కదాన్ని ఫారం అంటారు. ఫారాల వరస తప్పలేదని పేజీ నంబర్లు చూసుకుని మరీ కుడతాడు.

ఆయనకి అంతకన్నా పెద్ద బాధ్యత ఇంకొకటి ఉంది. గ్రంథాలయం తలుపు పక్కన 'చదవదగ్గ కొత్త జీవిత కథలు' అని ఒక అర ఉంది. ఏ ఆత్మకథ అందులో ఉండాలో, ఏది వెనక బీరువాలోకి పోవాలో తేల్చేది మాస్టారే. ఒక చీటీ మీద తన గుండ్రటి అక్షరాలతో రెండు ముక్కలు రాసి పుస్తకానికి తగిలిస్తాడు. ఆ చీటీ చూసి పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళు కనీసం నలభై మంది ఉన్నారు.

జీవిత కథల విషయంలో ఆయన మహా అనుమానం మనిషి. "ఎవడి కథ వాడే రాసుకుంటే అందులో చెడ్డవాడెవడుంటాడమ్మా?" అంటాడు లైబ్రేరియనమ్మతో. ఆయన పరీక్ష ఒకటే. రాసినవాడు 'ఇక్కడ నేను తప్పు చేశాను' అని ఎక్కడైనా ఒప్పుకున్నాడా? ఒప్పుకుంటే ముందు అర, లేకపోతే వెనక బీరువా. ఒక లాయరు గారి ఆత్మకథలో ఓడిపోయిన కేసు ఒక్కటీ లేదు, వెనక్కి పోయింది. రైలు డ్రైవరైన తండ్రి గురించి కూతురు రాసిన పుస్తకంలో, 'మా నాన్న కోపిష్టి, ఇల్లంతా ఆయన అడుగుల చప్పుడు వింటూ బతికేవాళ్ళం' అని మూడో పేజీలోనే ఉంది. అది ముందుకొచ్చింది. ఒక నర్సు రాసుకున్న పుస్తకంలో, ఒకసారి ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చానని మొదట్లోనే చెప్పింది. మాస్టారు మొదటి రెండు ఫారాలు, చివరి ఫారం చదివి, 'నమ్మవచ్చు. నిబ్బరమైన మనిషి' అని చీటీ రాసేశాడు. మొత్తం చదవలేదు. చదివి ఉంటే ఈ కథ లేదు.

ఆ నర్సు పుస్తకంతో పాటు అదే కట్టలో ఇంకొక పుస్తకం వచ్చింది. రాసినవాడు మిషను బావ.

మిషను బావ అంటే మాస్టారు పనిచేసిన అచ్చాఫీసులోనే అచ్చు యంత్రం నడిపినవాడు. మాస్టారి భార్యని మొదటి రోజు నుంచీ చెల్లెమ్మా అని పిలిచాడు గనక మాస్టారికి బావ అయ్యాడు. ఆవిడ కూడా అక్కడే మడతబల్ల దగ్గర, అచ్చయిన కాగితాల్ని ఫారాలుగా మడిచే పని చేసేది. యంత్రం మోత పక్కన బతికీ బతికీ మిషను బావకి చెవులు మందగించాయి. పక్కనున్న మనిషితో కూడా వీధి చివరికి వినపడేలా మాట్లాడతాడు.

"వీడు పుస్తకం రాశాడా!" అన్నాడు మాస్టారు. ఆయన మొదట చూసింది విషయసూచిక. అందులో ఉంది: 'నీళ్ళొచ్చిన రోజు, 99.' తన పని అచ్చులోకి ఎక్కింది. కుట్టడం ముందే అయిపోయింది కాబట్టి ఆ మంగళవారం పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, తొంభై తొమ్మిదో పేజీ తీశాడు.

అక్కడ అధ్యాయం పేరే లేదు. పేజీ పైనుంచి ఇలా మొదలైంది: 'మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన నా చెయ్యి వదల్లేదు. జ్వరం దిగేదాకా వెళ్ళనని మాటిచ్చాను.'

మాస్టారు ముందు పేజీ చూశాడు, వెనక పేజీ చూశాడు. నీళ్ళు లేవు, తాళ్ళు లేవు. వార్డు, మంచాలు, జ్వరాలు. ఎవరెవరికో సపర్యలు చేస్తున్న ఒక 'నేను'.

"ఓరి వీడి దుంప తెగ! వరద రోజుల్లో వీడు ఆస్పత్రిలో ఎక్కడున్నాడు? నా పక్కనే కాగితాలు మోశాడు గదా!"

నూట పదమూడో పేజీలో మళ్ళీ అచ్చాఫీసు వచ్చింది. ఆ పేజీ మొదటి మాటలు: 'చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.'

ఎవరి చేతిలో? ఏం పెట్టాడు? పేరు లేదు, గడియారం లేదు. మాస్టారికి అంతా తేటతెల్లమైపోయింది. తనని మొత్తంగా తుడిచేయడానికి బావ ఆస్పత్రి కథ అల్లాడు. అధ్యాయం పేరు తీసేశాడు. చప్పట్లు మాత్రం ఉంచుకున్నాడు.

"ఏమే, విన్నావా వీడి నిర్వాకం?" అని భార్యని కేకేశాడు.

ఆవిడ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అన్నయ్య పుస్తకమేనా? ఏం రాశాడు?" అంది. గొంతులో ఏదో తొందర.

"ఏం రాశాడా? నేనే లేను అందులో! నేను చేసిందంతా గంగలో కలిపాడు."

"మీరు లేరా?" అంది ఆవిడ. ఒక అడుగు ముందుకేసి, "నేను?" అని అడిగింది.

"నువ్వెందుకుంటావు?" అన్నాడు మాస్టారు.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారికి అదీ అనుమానంగానే తోచింది. ఆ 'నేను?' ఏమిటి?

మర్నాడు పొద్దున్నే మిషను బావ ఇంటికి వెళ్ళాడు. ఇరుకు వీధి, రెండో అంతస్తు. మెట్ల దగ్గరికి వచ్చేసరికే బావ గొంతు వినపడుతోంది. కోడలితో కాఫీ చల్లారిందని చెబుతున్నాడు, ఆ ముక్క పక్కింటివాళ్ళకీ తెలిసిపోయింది.

"రా బావా రా! వస్తావని వారం నుంచి చూస్తున్నా. తిట్టడానికేనా?"

"తిట్టడానికి అందులో నా ఊసంటూ ఉంటే గదా! నువ్వెప్పుడు ఆస్పత్రిలో పడున్నావు?"

"ఏ ఆస్పత్రి?"

"నీ పుస్తకంలో ఆస్పత్రి!"

"నా పుస్తకంలో ఆస్పత్రి ఎందుకుంటుంది? పన్ను ఊడినప్పుడే వెళ్ళలేదు నేను. తలుపుకి దారం కట్టి పీక్కున్నాను. నీ దారమే!"

కోడలు లోపల్నుంచి వచ్చింది. "మామయ్యా, కాస్త మెల్లిగా. కింద వాళ్ళు తగువనుకుంటున్నారు."

"తగువేనమ్మా," అన్నాడు మాస్టారు. "ఏదీ, నీ కాపీ తియ్యి. తొంభై తొమ్మిదో పేజీ చూపిస్తాను."

"ఒక్కటీ లేదు బావా. ఇచ్చినవి పది. అందరూ పట్టుకుపోయారు."

రాసినవాడి ఇంట్లో పుస్తకం లేదట! మాస్టారు నవ్వాడు, అది నవ్వు కాదు. బావ మాత్రం ముఖం చిట్లించుకుని ఏదో ఆలోచిస్తున్నాడు. కాసేపటికి, ఆయన జీవితంలో బహుశా మొదటిసారి, గొంతు తగ్గించి అడిగాడు: "చెల్లెమ్మ చదివిందా?"

"దాని ఊసెందుకు?"

"ఊరికే."

మాస్టారు మెట్లు దిగుతూ లెక్కలు వేసుకున్నాడు. నిన్న ఇంట్లో 'నేను?' అంది ఈవిడ. ఇవాళ 'చెల్లెమ్మ చదివిందా?' అంటాడు వీడు. ఇద్దరూ కలిసి తనకి తెలియకుండా ఏదో నడుపుతున్నారు. లైబ్రేరియనమ్మకి కూడా తెలిసే ఉంటుంది, లేకపోతే ఆ పుస్తకం తనకి ఇస్తూ అలా ఎందుకు నవ్వింది? బావ పుస్తకానికి చీటీ ఇంటికొచ్చేలోపే మనసులో తయారైంది: 'అబద్ధాల పుట్ట. వెనక బీరువా.'

శుక్రవారం ఆ చీటీ రాసి, జిగురు డబ్బా తెరుస్తుండగా టైలరమ్మ వచ్చింది. గ్రంథాలయం ఎదురుగానే ఆవిడ కొట్టు. మెడలో కొలత టేపు అలాగే ఉంది, చేతిలో నర్సు పుస్తకం.

"మాస్టారూ, మీ చీటీ చూసి తీసుకెళ్ళాను. మంచి పుస్తకమే. కానీ ఒక సందేహం. ఈ నర్సమ్మ ఉన్నట్టుండి ఆస్పత్రి మానేసి అచ్చాఫీసులో ఎందుకు చేరింది?"

"ఏ అచ్చాఫీసు?"

"అదే, మధ్యలో. పదహారు పేజీలు మిషను నడిపింది. వరదొచ్చింది. మళ్ళీ ఏం చెప్పకుండా వార్డులోకి వచ్చేసింది. ఏ కథలోనైనా ఇలా ఉంటుందా?"

మాస్టారి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. నర్సు పుస్తకం అందుకున్నాడు. చదవలేదు, వేళ్ళతో వెన్ను తడిమాడు. ఏడో ఫారం దగ్గర కుట్టు రవ్వంత ఎత్తుగా ఉంది. తొంభై ఏడు నుంచి నూట పన్నెండు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు పుస్తకాలనీ ఒకే రోజు, ఒకే బల్ల మీద విప్పాడు. ఒకే ప్రచురణ సంస్థ, ఒకే సైజు, ఒకే కాగితం, ఒకేలాంటి అక్షరాలు. విప్పుతూ ఉండగా బడి పిల్లలు గ్రంథాలయం చూడ్డానికి వచ్చారు. "బాబాయ్ గారూ, పిల్లలకి మీ వరద కథ చెప్పరూ?" అని లైబ్రేరియనమ్మ పిలిచింది. వెళ్ళి చెప్పాడు. చప్పట్లు కొట్టించుకుని వచ్చి కూర్చుని, పేజీ నంబర్లు చూసుకుంటూ కుట్టేశాడు. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. ఉండకేం? రెండు పుస్తకాల్లోనూ ఏడో ఫారం తొంభై ఏడుతోనే మొదలవుతుంది. వెనకటి రోజుల్లో ప్రతి ఫారం అడుగున చిన్న అక్షరాల్లో పుస్తకం పేరు వేసేవాళ్ళు, ఇలాంటి పొరపాటు జరగకుండా. ఇప్పుడెవరూ వెయ్యడం లేదు. అయినా నెపం వాళ్ళ మీదకి తొయ్యడానికి ఆయనకి నోరు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క ఫారం తారుమారు కాని చెయ్యి అది. వరద కథ చెప్పొచ్చి తారుమారు చేసింది.

"ఇందులో మీలాంటాయన కూడా ఒకరున్నారు మాస్టారూ," అంది టైలరమ్మ. ఆవిడ చూపు ఎప్పటిలా లేదు. "తాళ్ళు కట్టించినాయన. ఆయన భార్య కూడా ఉంది. ఆవిడ ఇంకా ఉందా?"

"ఉంది," అన్నాడు మాస్టారు.

టైలరమ్మ వెళ్ళాక, నర్సు పుస్తకంలో తొంభై తొమ్మిదో పేజీ నుంచి నిలబడే చదివాడు.

'మేనేజరు ఇక లాభం లేదని కాగితాలన్నీ తుక్కులో పడెయ్యమన్నాడు. మేమంతా సరేనన్నాం. అప్పుడు మడతబల్ల దగ్గరున్న చెల్లెమ్మ, బైండరు బావ భార్య, "తడి బట్టలు పారేస్తామా? ఆరేస్తాం గదా" అంది. బావ ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, ఆ వెంటనే పనిలోకి దిగాడు. మూడు రోజులు కూర్చోలేదు. అలా పనిచేసిన మనిషిని నేను తర్వాత చూడలేదు. నాలుగో రోజు మేనేజరు వచ్చి ఈ ఆలోచన ఎవరిదని అడిగాడు. అందరం బావ వైపు చూశాం. బావ కాదనలేదు. చెల్లెమ్మ తల వంచుకుని ఫారాలు సర్దుకుంటోంది. చెప్పవలసింది నేను. బావకి పెద్ద పదవి రావాలని నోరు మూసుకున్నాను. అది తప్పు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆవిడ చేతి కాఫీ తాగాను, ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.' నూట పన్నెండో పేజీ చివర: 'మేనేజరు గోడ గడియారం తెప్పించి బైండరు బావ'.

మిషను బావ తప్పు ఒప్పుకున్నాడు. మాస్టారి పరీక్ష ప్రకారం ముందు అరలో ఉండవలసిన పుస్తకం.

అక్కడ ఎవరూ లేరు. లైబ్రేరియనమ్మ కిటికీ దగ్గర కార్డులు సర్దుతోంది. కుట్టు విప్పితే ఆ పదహారు పేజీలు చేతిలోకి వచ్చేస్తాయి. పాత అట్టల కింద పడేస్తే అడిగేవాడు లేడు. నర్సు పుస్తకంలో ఆమె ఫారం ఆమెకి పెట్టేసి, బావ పుస్తకాన్ని వెనక బీరువాలో తోసేస్తే, పేటలో ఆయన కథ ఎప్పటిలాగే నడుస్తుంది. తెలిసింది ఒక్క టైలరమ్మకే. ఆవిడకి కొట్టులో తలెత్తే తీరికుండదు. మాస్టారు ఇదంతా ఆలోచించాడు. ఆలోచించలేదని చెబితే అది ఆయన కథ కాదు. కుట్టు విప్పాడు. ఫారం తీసి, రెండు పుస్తకాలతో సహా సంచిలో పెట్టుకుని, "ఇంటి దగ్గర కుట్టి తెస్తానమ్మా" అని చెప్పి బయల్దేరాడు.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ స్టూలెక్కి గడియారానికి కీ ఇస్తోంది. వారానికోసారి ఇవ్వాలి. ఇన్నేళ్ళుగా ఇస్తున్నది ఆవిడే. ఈ సంగతి కూడా మాస్టారి కంటికి ఆ రోజే ఆనింది.

"దిగు," అన్నాడు. "పడతావు."

"ఇన్నేళ్ళూ పడలేదు గదా," అంది ఆవిడ. దిగి, ఆయన చేతిలోని కాగితాల మడత చూసింది. "దొరికిందా?"

"నీకు ముందే తెలుసు."

"అన్నయ్య రాసేముందు వచ్చి అడిగాడు. చెల్లెమ్మా, రాయనా వద్దా అని. ఉన్నదున్నట్టు రాసుకో అన్నాను."

"నాకు చెప్పొద్దూ?"

"మీరు అడిగారా?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. గడియారం వైపు చూస్తూ అన్నాడు: "ఇన్నేళ్ళూ నేను వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెబుతుంటే, నువ్వు అక్కడే కూర్చుని వినేదానివి. ఏమనుకునేదానివి?"

"తాళ్ళు పెరుగుతున్నాయనుకునేదాన్ని."

"ఏమిటీ?"

"మొదట్లో నలభై చెప్పేవారు. మన పెద్దాడి పెళ్ళినాటికి అరవై అయ్యాయి. మొన్న బడి పిల్లలకి నూట ఇరవై చెప్పారట. ఆ హాలు అంత లేదండీ."

మాస్టారు లేచాడు. సంచిలోంచి సూది, దారం, మైనం తీశాడు. తీసి, "ముందు నువ్వు చదువు. చదివాక కుడతాను," అని ఫారం ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ కిటికీ వెలుతురులో కూర్చుని చదివింది. వేలు వరస మీద పెట్టి, నెమ్మదిగా, పెదాలు కదుపుతూ. మాస్టారు ఆవిడ మొహాన్నే కనిపెట్టి చూస్తున్నాడు, ఏ వాక్యం దగ్గర ఏమవుతుందోనని. ఫారంలో పదో పేజీ దగ్గర ఆవిడ ఆగింది. నొసలు ముడుచుకుంది.

"ఇదేమిటి? 'గోదాములోంచి తాళ్ళు తెచ్చి' అని రాశాడు. గోదాము నీళ్ళలో ఉంటే తాళ్ళెక్కడివి? కుట్టుదారం మూడు పేటలు కలిపి పేనాం, మడతబల్ల ఆడవాళ్ళం. నా వేళ్ళు కోసుకుపోయాయి. అన్నయ్యవీ అన్నీ నిజాలు కావు."

"అదే నేనంటాను! ఆత్మకథలంటే—"

"మీరు మాట్లాడకండి," అంది ఆవిడ.

ఆవిడ చివరిదాకా చదివి ఇచ్చాక, మాస్టారు సూదికి దారం ఎక్కించాడు. ఫారాన్ని బావ పుస్తకంలో దాని చోట పెట్టి కుట్టాడు, నర్సు ఫారాన్ని నర్సుకి అప్పజెప్పాడు. ఈసారి కుట్టు చదునుగా వచ్చింది. తర్వాత పొద్దున రాసిన చీటీ చింపి, కొత్తది తీసి రాశాడు: 'చదవదగ్గది. రాసినవాడు తప్పు ఒప్పుకున్నాడు. తొంభై తొమ్మిదో పేజీ ముందు చదవండి. ఆ ఆలోచన మా ఆవిడది.' రాసి ఆవిడకి చూపించాడు.

"మా ఆవిడేమిటి?" అంది చీటీ తిప్పి ఇస్తూ. "నేను మడతబల్ల దగ్గర పద్దెనిమిదేళ్ళు చేశాను. అది రాయండి."

ఆయన కొట్టేసి మళ్ళీ రాశాడు. చీటీలో చోటు చాల్లేదు. వెనక వైపు తిప్పి, పైకి చదువుకుంటూ అక్కడ దారం సంగతి కూడా పెట్టాడు. మూడు పేటలు. తాళ్ళు నలభై.

"ముప్పై ఎనిమిది," అంది ఆవిడ వంటగదిలోంచి.